సాజ్, హాలర్‌టావ్ లాంటి పాత యూరప్ హాప్స్‌కి అంత పేరెందుకు? వాటి బదులు సిట్రా వేసేయొచ్చా?

మీ ప్రశ్న టూకీగా ఇదీ. మీరు టెక్సస్‌లో ఉంటారు, ఇంట్లో 20 లీటర్ల చొప్పున బీరు కాచుకుంటారు. సిట్రా అనే రకం హాప్స్‌తో (హాప్స్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే తీగ కాయలు) చేసిన ఐపీఏ (హాప్స్ దండిగా వేసే బీరు) సీసా తెరవగానే గది నిండా మామిడిపండు వాసన వచ్చింది. ఆ ఉత్సాహంతో పిల్స్‌నర్ (లేత రంగు లాగర్, అంటే చలిలో పులిసే బీరు) మొదలుపెట్టారు. చేదు కోసం మరుగులో 14 గ్రాముల మాగ్నమ్ అనే చేదు రకం హాప్ వేశారు, ఆ తర్వాత ఫెర్మెంటర్‌లో (బీరు పులిసే పాత్రలో) 60 గ్రాముల సాజ్‌ని డ్రై హాప్‌గా, అంటే మరిగించకుండా నేరుగా వేసి వారం ఉంచారు. తీరా చూస్తే పచ్చగడ్డి వాసన తప్ప ఏమీ లేదు. "నోబుల్ హాప్స్ అంటూ ఇంత గొప్పగా చెప్తారు, ఇది పాతకాలపు సెంటిమెంటేనా? ఇకమీదట సాజ్ బదులు సిట్రానో మొజాయికో వేసేస్తే సరిపోదా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను: సరిపోదు. మీ సాజ్‌లో లోపం కూడా ఏమీ లేదు, దాన్ని వేయాల్సిన చోట వేయలేదు. నోబుల్ హాప్స్ అని పిలిచే సాజ్, హాలర్‌టావ్ మిట్టెల్‌ఫ్రూ, టెట్నాంగ్, ష్పాల్ట్, ఈ నాలుగూ వాసన గుప్పుమనిపించే రకాలు కావు. చేదుని మెత్తగా ఉంచి, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి వెనక సన్నగా పూల వాసన, మిరియపు ఘాటు, ఆకు పరిమళం నిలబెట్టడం వాటి పని. ఆ పనిలో ఎక్కువ భాగం మరిగే వర్ట్‌లోనే (మాల్ట్ నుంచి తీసిన తీపి రసంలోనే) జరుగుతుంది. అందుకని డ్రై హాప్ మానేసి, గ్రాములు రెట్టింపు చేసి, మొత్తం సాజ్‌ని కెటిల్‌లోనే వేయండి. ఎంత, ఎప్పుడు అన్నది కింద రాస్తాను.

నేను బవేరియాలో ఒక చిన్న బ్రూవరీలో పనిచేస్తున్నాను. మేం కాచేది ప్రధానంగా హెల్లెస్ (లేత రంగు బవేరియా లాగర్), పిల్స్ (పిల్స్‌నర్), గోధుమ బీరు. కాబట్టి ఈ హాప్స్‌తో నాది రోజువారీ సహవాసం. ఐపీఏలంటే నాకు గౌరవమే, బాగా చేసిన ఐపీఏ ఇష్టంగా తాగుతాను. కానీ సాజ్‌ని సిట్రా కొలబద్దతో కొలిస్తే సాజ్ ఎప్పటికీ ఓడిపోతూనే కనిపిస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు హాప్ కాయలో ఏముంటుందో చూద్దాం. ఇది గంజాయి కుటుంబానికే చెందిన తీగ, మత్తు పదార్థం మాత్రం ఇందులో లేదు. ఆడ మొక్కలకి ఆకుపచ్చ పొలుసులతో చిన్న కోన్‌లు కాస్తాయి. ఆ పొలుసుల మొదట్లో పసుప్పచ్చటి జిగురు పొడి ఉంటుంది, దాన్నే లుపులిన్ అంటారు. మనకి కావలసిందంతా అందులోనే ఉంది. అందులో ఒకటి ఆల్ఫా ఆమ్లాలు. మరుగుతున్న వర్ట్‌లో ఇవి ఐసో ఆల్ఫా ఆమ్లాలుగా మారి చేదునిస్తాయి. రెండోది సుగంధ నూనెలు.

ఆల్ఫా విషయంలో తేడా చాలా పెద్దది. సాజ్‌లో మామూలుగా 2.5 నుంచి 4.5 శాతం ఉంటుంది, మిట్టెల్‌ఫ్రూలో 3 నుంచి 5.5. సిట్రాలో 11 నుంచి 14. నూనెల్లోనూ అంతే: సాజ్‌లో 100 గ్రాములకి ఒక మిల్లీలీటరు కూడా ఉండదు, 0.4 నుంచి 0.8 దాకా. సిట్రాలో 1.5 నుంచి 3 దాకా ఉంటుంది. అంటే గ్రాముకి గ్రాము లెక్కన సాజ్ బదులు సిట్రా వేస్తే చేదు మూడింతలు, వాసన మూడింతలు. మీరు పోల్చింది ఈ రెండింటినీ.

అసలు సంగతి నూనె ఎంత అన్నదాని కంటే, ఆ నూనెలో ఏముంది అన్నదాంట్లో ఉంది. సిట్రా నూనెలో 60 శాతానికి పైగా మిర్సీన్ అనే పదార్థమే. దానికి తోడు అతి తక్కువ మోతాదులోనే ముక్కుకి తగిలే థయోల్స్ అనే గంధకపు పదార్థాలు ఉంటాయి, మీకు మామిడి, లీచీ అనిపించింది వాటివల్లే. పాత యూరప్ రకాల్లో మిర్సీన్ తక్కువ, హ్యుములీన్ అనే నూనె ఎక్కువ. సాజ్, టెట్నాంగ్, ష్పాల్ట్ మూడూ జన్యుపరంగా దగ్గరి చుట్టాలు, వాటిలో ఫార్నెసీన్ అనే ఇంకో నూనె కూడా బాగా ఉంటుంది. మిట్టెల్‌ఫ్రూలో అది దాదాపు ఉండదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి వాసన చూస్తే సాజ్‌లో మట్టి, తేయాకు, మిరియం ఛాయ కనిపిస్తుంది. మిట్టెల్‌ఫ్రూలో పూల వాసన ఇంకాస్త ముందుకొస్తుంది.

హ్యుములీన్ ఉన్నదున్నట్టుగా బీరులో మిగిలేది చాలా తక్కువ. హాప్స్ ఆరబెట్టినప్పుడు, నిలవలో ఉన్నప్పుడు కొంత ఆక్సిజన్ తగిలి ఎపాక్సైడ్లుగా మారుతుంది. మరుగులో అవి ఇంకా విరిగి నీళ్లలో కరిగే పదార్థాలవుతాయి. పిల్స్‌నర్‌లో మనకి తెలిసే ఆ ఆకు, మసాలా పరిమళం చాలావరకు వీటివల్లే వస్తుందని మా వృత్తిలో నమ్ముతారు, నా అనుభవం కూడా అదే. మీరు మరుగుని దాటవేసి సాజ్‌ని నేరుగా చల్లటి బీరులో నానబెట్టారు. ఆ మార్పులేవీ జరగలేదు, ఆకు రసం మాత్రం దిగింది. పచ్చగడ్డి వాసన అక్కణ్ణుంచే వచ్చింది. సిట్రాలో వాసన అంత బలంగా ఉంటుంది కాబట్టి ఆ గడ్డి వాసన కింద పడిపోతుంది. సాజ్‌లో దాన్ని కప్పేది ఏదీ లేదు.

మా బ్రూవరీలో కొత్తగా చేరినవాళ్లకి మేం ఒక పరీక్ష పెడతాం. ఒకే హెల్లెస్ రెసిపీ, ఒకే ఈస్ట్, రెండిటికీ ఒకే చేదు, 20 ఐబీయూ (చేదుని కొలిచే ప్రమాణం). ఒకదానికి చేదంతా మాగ్నమ్‌తో, రెండోదానికి చేదంతా మిట్టెల్‌ఫ్రూతో. రెండూ పేరు చెప్పకుండా గ్లాసుల్లో పోసి ఇస్తాం. మొదటి గుక్కలో తేడా పట్టేవాళ్లు తక్కువ. అర లీటరు పూర్తయ్యే సరికి చాలామంది చేయి తెలియకుండానే మిట్టెల్‌ఫ్రూ గ్లాసు వైపు వెళ్తుంది. మాగ్నమ్ బీరు తప్పుగా ఏమీ ఉండదు, శుభ్రంగానే ఉంటుంది. కానీ మధ్యలో ఏదో ఖాళీ. చారులో ఇంగువ లాంటిది ఇది: ఉన్నప్పుడు ఎవరూ దాని పేరెత్తరు, లేనప్పుడు మాత్రం ముద్ద దిగదు.

ఈ మెత్తదనానికి కారణం కోహ్యుములోన్ తక్కువ ఉండటమే అని చాలాచోట్ల చదువుతారు. ఆల్ఫా ఆమ్లాల్లో అదొక రకం, అది ఎక్కువైతే చేదు కరుకుగా ఉంటుందని పాత నమ్మకం. నేను ఆ ఒక్కదానికే మొత్తం గొప్ప కట్టబెట్టను. ఆల్ఫా తక్కువ కాబట్టి అదే చేదు రావాలంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ హాప్స్ వేయాలి. దాంతోపాటే పాలీఫినాల్స్ (ఒగరు పదార్థాలు) ఎక్కువ దిగుతాయి, నూనెల తాలూకు అవశేషాలు కూడా ఎక్కువ దిగుతాయి. నాలుక మీద ఆ నిండుదనం అక్కణ్ణుంచి వస్తుందని నా అభిప్రాయం.

ఇక ఈ హాప్స్‌కి పేరిచ్చిన ఊళ్ల విషయం. సాజ్ అంటే చెక్ దేశంలోని జాటెట్స్ పట్టణానికి జర్మన్ పేరు. పడమటి కొండలు వానని అడ్డుకోవడం వల్ల అక్కడ ఏడాదికి 450 మిల్లీమీటర్లకి అటూ ఇటూగానే పడుతుంది, నేల చాలాచోట్ల ఎర్రటిది. ఆ పట్టణంలో హాప్స్ ఆరబెట్టే పాత గిడ్డంగులు, చుట్టుపక్కల తోటలు కలిపి 2023లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. పిల్సెన్ అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. 1842 అక్టోబర్ 5న బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ అక్కడ మొదటి పిల్స్‌నర్ కాచాడు. లేత రంగు మాల్ట్, ఉప్పులు దాదాపు లేని మెత్తటి నీళ్లు, పక్క జిల్లా సాజ్ హాప్స్, బవేరియా లాగర్ ఈస్ట్, ఈ నాలుగూ ఒకచోట కలిశాయి. ఇవాళ ప్రపంచంలో తాగే బీరులో అత్యధిక భాగం ఆ బీరు సంతానమే.

హాలర్‌టావ్ మ్యూనిక్‌కి ఉత్తరాన ఉంది, ప్రపంచంలో ఒకేచోట పరుచుకున్న హాప్ తోటల్లో అదే అతి పెద్దది. టెట్నాంగ్ బోడెన్ సరస్సు దగ్గర, ఆపిల్ తోటల మధ్య. ష్పాల్ట్ న్యూరెంబర్గ్‌కి దక్షిణాన చిన్న ఊరు. కానీ 1538లోనే ఆ ఊరి హాప్స్ సంచుల మీద వేసే ముద్రకి అధికారిక హక్కు దక్కింది. ఎక్కడి సరుకో నిరూపించుకోవాల్సిన అవసరం అప్పటికే వచ్చిందంటే, ఊరు పేరు చెప్పి నాసిరకం అమ్మేవాళ్లు అప్పటికే ఉండి ఉండాలి.

ఈ రకాలని మనుషులు పనిగట్టుకుని సంకరం చేసి పుట్టించలేదు. ఆ ఊళ్లలో తరాలుగా ఉన్న మొక్కల్లోంచి బాగున్నవి ఏరుకుని, వేర్ల ముక్కలతో పెంచుతూ వచ్చారు. సాజ్‌లో ఇవాళ నాటేది ఎక్కువగా కారెల్ ఓస్వాల్డ్ అనే శాస్త్రవేత్త గత శతాబ్దంలో ఏరిన క్లోన్‌లు. పాత రకాలు కాబట్టి తెగుళ్లకి తట్టుకోలేవు. 1920ల్లో బూజు తెగులు జర్మన్ తోటల్ని ఊడ్చేసింది, దాని వల్లే 1926లో హాలర్‌టావ్‌లోని హ్యూల్‌లో హాప్ పరిశోధన సంస్థ పెట్టారు. ఆ తర్వాత 1950ల నుంచి వేరు ద్వారా వచ్చే ఎండు తెగులు మిట్టెల్‌ఫ్రూని దాదాపు తుడిచిపెట్టింది. రైతులు హెర్స్‌బ్రుకర్ లాంటి వేరే రకాలకి మారిపోయారు. హ్యూల్‌లో తయారైన పెర్లె, హాలర్‌టావ్ ట్రెడిషన్, ష్పాల్టర్ సెలెక్ట్ ఆ ఖాళీని పూడ్చాయి. మిట్టెల్‌ఫ్రూ మళ్లీ కోలుకుందంటే దాని వాసన కోసం పట్టుబట్టి కొన్న బ్రూవరీల వల్ల. మీ దేశంలోనే సామ్యూల్ ఆడమ్స్ బోస్టన్ లాగర్‌లో వాడేది మిట్టెల్‌ఫ్రూ, టెట్నాంగ్. దొరుకుతుంది కాబట్టి ఒకసారి ఆ దృష్టితో రుచి చూడండి.

ధర ఎందుకెక్కువ అని కూడా మీ ప్రశ్న కింద ఒకరు అడిగారు. లెక్క చూడండి. సాజ్ హెక్టారుకి మహా అయితే టన్ను, టన్నుంపావు. ఆల్ఫా 3 శాతం వేసుకుంటే హెక్టారుకి 30, 35 కిలోల ఆల్ఫా. హెర్క్యులెస్ లాంటి కొత్త చేదు రకం హెక్టారుకి రెండున్నర టన్నులు తేలిగ్గా ఇస్తుంది, ఆల్ఫా 16 శాతం అనుకుంటే 400 కిలోలు. చేదు మాత్రమే కావాలనుకునే పెద్ద కంపెనీ సాజ్ ఎందుకు కొంటుంది? ఏడు మీటర్ల ఎత్తు పందిరి, ఏటా వసంతంలో ప్రతి మొక్కకీ ఇనప తీగ కట్టి రెండు మూడు మొలకల్ని చేత్తో చుట్టడం, ఇవన్నీ రెండింటికీ ఒకటే ఖర్చు. పాత రకం పండించే రైతు వాసనకి విలువ కట్టేవాళ్ల మీదే ఆధారపడి బతుకుతాడు.

మంచి హాప్స్‌ని ఎలా గుర్తుపడతామో చెప్తాను, మీకూ పనికొస్తుంది. కోత ఆగస్టు చివర మొదలై సెప్టెంబర్‌లో నడుస్తుంది. కోసిన కోన్‌లలో నాలుగింట మూడొంతులకి పైగా నీరే, వేడి గాలితో దాన్ని 10 శాతానికి దింపుతారు. బేళ్లలోంచి చిన్న దిమ్మల్లా కోసిన నమూనాలు కాగితం పొట్లాల్లో మా బల్ల మీదకి వస్తాయి. ముందు చూపు: ఒక కోన్‌ని గోటితో నిలువుగా చీలిస్తే లోపల లుపులిన్ నిమ్మపండు పసుపులో మెరవాలి. నారింజ, గోధుమ రంగులోకి తిరిగిందంటే పాతబడింది. ఆ తర్వాత గుప్పెడు కోన్‌లు అరచేతుల మధ్య పెట్టి ముందు మెల్లగా నలిపి వాసన చూస్తాం. మంచి సాజ్‌కి ఇక్కడ లేత పూల వాసన. తర్వాత అరచేతులు వేడెక్కి జిగురు పట్టేదాకా గట్టిగా రుద్దుతాం. ఇప్పుడు అడుగున ఉన్నది బయటికొస్తుంది: తేయాకు, మిరియం, తడి మట్టి. ఉల్లి, వెల్లుల్లి వాసన వస్తే కోత ఆలస్యమైంది. ఎండుగడ్డి వాసన వస్తే ముదరక ముందే కోశారు, లేదా ఆరబెట్టడం సరిగా కుదరలేదు. జున్ను, చెమట సాక్సు వాసన వస్తే ఆ పొట్లం అక్కడితో పక్కకి పెట్టేస్తాం. ఒకే ఊరు, ఒకే రకం, పక్కపక్క రైతులు, అయినా రెండు పొట్లాలు ఒకలా ఉండవు. ఈ బల్ల దగ్గర గడిపే సమయం నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైనది.

మీకు దొరికేది పెల్లెట్లు (పొడి చేసి గుళికలుగా నొక్కిన హాప్స్) కాబట్టి, నాలుగు పెల్లెట్లు అరచేతిలో నలిపి చూడండి. ఇంకా బాగా తెలియాలంటే రెండు గ్రాములు 80 డిగ్రీల వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచి టీలా వాసన చూడండి. కాచే రోజు ఈ ఒక్క పని చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు మీ 20 లీటర్ల పిల్స్‌నర్. ఆల్ఫా 3.5 శాతం ఉన్న సాజ్ అనుకుని, 35 నుంచి 38 ఐబీయూ కోసం నేనైతే ఇలా వేస్తాను:

మ్యాష్ (వేడి నీళ్లలో నానిన మాల్ట్) వడకట్టి వర్ట్ కెటిల్‌లోకి దిగుతుండగానే 30 గ్రాములు. జర్మనీలో ఇది పాత పద్ధతి, మధ్యలో మరుగునపడి 1990ల్లో మళ్లీ ప్రాచుర్యంలోకి వచ్చింది. వేడెక్కుతున్న వర్ట్‌లో ముందే నానడం వల్ల చేదు గుండ్రంగా వస్తుంది.

మరుగు ముగియడానికి గంట ముందు 40 గ్రాములు. మొత్తం మరుగు 90 నిమిషాలు ఉంచండి. పిల్స్‌నర్ మాల్ట్‌లోంచి వచ్చే ఉడికిన మొక్కజొన్న వాసన పోవడానికి ఆ సమయం కావాలి.

15 నిమిషాల ముందు 25 గ్రాములు. మంట ఆపి, వర్ట్‌ని 80, 85 డిగ్రీలకి దింపాక 30 గ్రాములు, కలియతిప్పి 20 నిమిషాలు. ఈ చివరి మోతాదులో లినలూల్ మిగులుతుంది. మన ధనియాల వాసనకి మూలం కూడా ఆ పదార్థమే. మిట్టెల్‌ఫ్రూ వాడితే ఇక్కడ ఇంకా బాగా తెలుస్తుంది.

మొత్తం 125 గ్రాములు. లెక్క మీరే సరిచూసుకోవచ్చు: గ్రాములని ఆల్ఫా శాతంతో గుణించి మిల్లీగ్రాముల్లోకి మార్చండి, అందులో గంట మరిగినది సుమారు నాలుగోవంతు బీరులోకి దిగుతుంది, దాన్ని లీటర్లతో భాగిస్తే ఐబీయూ. 40 గ్రాముల మోతాదు చూస్తే 1,400 మిల్లీగ్రాములు, నాలుగోవంతు 350, 20తో భాగిస్తే 17.5. 15 నిమిషాల మోతాదులో దిగేది ఎనిమిదో వంతు దాకానే. హాప్స్ పీల్చుకునే వర్ట్ లీటరు దాకా ఉంటుంది, దానికి తగ్గట్టు నీళ్లు ముందే పెంచుకోండి.

కెటిల్ అడుగున మిగిలిన హాప్స్ పిప్పిని పెరట్లో పారేసే అలవాటుంటే, ఇంట్లో కుక్క ఉందేమో చూసుకోండి. హాప్స్ కుక్కలకి విషం, తిన్నాక ఒళ్లు విపరీతంగా వేడెక్కి ప్రాణం మీదకొస్తుంది. ఇది తెలియని ఇంటి బ్రూవర్లు చాలామంది ఉన్నారు.

హాప్స్ సరిగా వేసినా రెండు విషయాలు దాన్ని పాడుచేయగలవు. ఒకటి నీళ్లు. టెక్సస్‌లో చాలాచోట్ల కుళాయి నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువ. అలాంటి నీళ్లలో సాజ్ చేదు కూడా గొంతుకి గీరుకుంటుంది. ఆర్వో నీళ్లు తీసుకుని, కాల్షియం 40, 50 పీపీఎం వచ్చేలా కొద్దిగా కాల్షియం క్లోరైడ్ కలపండి, మ్యాష్ పీహెచ్ 5.2, 5.4 మధ్య ఉంచండి. ఐపీఏకి వేసినట్టు జిప్సం (కాల్షియం సల్ఫేట్) వేయకండి. సల్ఫేట్ పెరిగితే చేదు పదునెక్కి, మనం ఇంత కష్టపడింది వృథా అవుతుంది. రెండోది ఫెర్మెంటేషన్. లాగర్ ఈస్ట్‌తో 9, 10 డిగ్రీల్లో, తర్వాత నెల పైన చలిలో. వేడిలో పులిసిన బీరులో ఈస్ట్ ఇచ్చే పండ్ల వాసన కింద సాజ్ కనిపించదు.

కొనేటప్పుడు పొట్లం మీద మూడు చూడండి: పంట ఏడాది, ఆల్ఫా శాతం, పండిన దేశం. ఈ మూడోది మీకు మరీ ముఖ్యం. అమెరికాలో పండి టెట్నాంగ్ పేరుతో అమ్ముడయ్యే హాప్ అసలు టెట్నాంగ్ మొక్క కాదు, ఇంగ్లండ్ ఫగుల్‌కి దగ్గరిది. చెడ్డ హాప్ ఏమీ కాదు, కానీ మీరు వెతుకుతున్నది అది కాదు. జర్మనీ అని రాసి ఉన్నదే తీసుకోండి. యూరప్ సరుకు దొరకని పక్షంలో అమెరికాలోనే పుట్టిన మౌంట్ హుడ్, లిబర్టీ చూడొచ్చు, రెండింటికీ తల్లి మిట్టెల్‌ఫ్రూనే. సాజ్‌కి బదులుగా స్టెర్లింగ్ నడుస్తుంది. సిట్రా, మొజాయిక్ మాత్రం ఈ జాబితాలోకి రావు. వాటితో లాగర్ చేస్తే అది బాగుండొచ్చు, కానీ అది వేరే బీరు.

నిలవ గురించి కూడా ఒక మాట. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలో పనిచేసే స్నేహితుడొకరు ఒక వేసవిలో ఫోన్ చేసి, పిల్స్ రుచి ఉన్నట్టుండి మారిపోయిందని చెప్పారు. మాల్ట్ అదే, ఈస్ట్ అదే. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ఐదు కిలోల రేకు సంచి తెరిచి, మడత పెట్టి క్లిప్పు బిగించి, కూరగాయల చిల్లర్‌లో వారాల తరబడి ఉంచారు. రోజుకి పదిసార్లు తలుపు తీసే చిల్లర్ అది. నలిపి చూడమంటే జున్ను వాసన వస్తోందన్నారు. అది ఆల్ఫా ఆమ్లాలు గాలికి విరిగి పుట్టే వాసన. సంచి మార్చి, తెరిచిన రోజే చిన్న పొట్లాలుగా వాక్యూమ్ సీల్ చేసి ఫ్రీజర్‌లో పెట్టడం మొదలుపెట్టాక సర్దుకుంది. మీరు కూడా అంతే చేయండి. ఆల్ఫా తక్కువున్న రకాల్లో పోగొట్టుకోవడానికి మిగిలేదే కొంచెం.

ఇంకొక అపోహ తీర్చాలి. యూరప్ లాగర్ వాసన అనగానే చాలామందికి ఆకుపచ్చ సీసాలోంచి వచ్చే ఆ ముక్కిన వాసన గుర్తొస్తుంది. అది సాజ్ వాసన అనుకుంటారు. కాదు. వెలుతురు తగిలితే బీరులోని ఐసో ఆల్ఫా ఆమ్లాలు విరిగి స్కంక్ జంతువు వదిలే వాసనకి దగ్గరి పదార్థం పుడుతుంది. ఆకుపచ్చ గాజు ఆ వెలుతురుని ఆపలేదు, గోధుమ రంగు గాజు చాలావరకు ఆపుతుంది. సాజ్ అసలు వాసన తెలుసుకోవాలంటే పిల్స్‌నర్ ఉర్కెల్ డబ్బాలో దొరికేది తీసుకోండి, అందులో సాజ్ తప్ప వేరే హాప్ ఉండదు. ఫ్రిజ్ లోంచి తీసి పది నిమిషాలు ఆగి తాగండి. మంచులా ఉంటే ఏ వాసనా తెలియదు.

చివరిగా పంట ఏడాది సంగతి. ఈ రకాలు ఎండకి, వానలేమికి బాగా సున్నితం. 2022 వేసవిలో యూరప్ హాప్స్ పంట బాగా దెబ్బతింది, సాజ్ ఆల్ఫా మామూలు కంటే చాలా దిగువన వచ్చింది. 2023లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం 2050 నాటికి యూరప్ సంప్రదాయ హాప్స్‌లో ఆల్ఫా 20 నుంచి 31 శాతం దాకా తగ్గొచ్చు. రైతులు తోటల్ని ఎత్తు ప్రాంతాలకి మార్చడం, డ్రిప్ పెట్టడం చేస్తున్నారు. నాకు దీని గురించి నిజంగా బెంగగా ఉంది. మీ వరకు చేయాల్సింది ఏమిటంటే, పుస్తకంలోని గ్రాములని నమ్మకండి. పొట్లం మీద ఆల్ఫా 2.5 అని ఉంటే, పైన చెప్పిన 40 గ్రాముల చోట 56 వేయండి, మొదటి 30 గ్రాముల చోట 42. చివరి రెండు మోతాదులు వాసన కోసం కాబట్టి వాటిని అలాగే ఉంచండి. మీరు వాడిన సాజ్ ఏ ఏడాదిదో, ఆల్ఫా ఎంతో ఇక్కడ రాస్తే మీ బ్యాచ్‌కి సరిపోయే లెక్క వేసి ఇస్తాను.